తాళాల వీధిలో వారంటు

నా జేబులో ఒక ఆడమనిషి పేరు
నాలుగు మడతలుగా ఉంది.
చెమటకు కోర్టు ముద్ర కొంచెం కరిగింది.
ఉరుకుందమ్మ, భర్త ఈరన్న,
కోసిగి అవతలి ఊరు, బోరింగు పక్కిల్లు.
కనిపించిన చోటే పట్టి
ఆదోని కోర్టులో నిలబెట్టమని దొరవారి సంతకం.

నాలుగోసారి పోతున్నా ఆ వీధికి.
వీధికి వీధే తాళం వేసుకుని
గుంటూరు దిక్కు మిరపకోతకు పోయింది.
నన్ను చూసి కుక్క
మొరగడం కూడా దండగనుకుంది.
చిల్లరకొట్లో కూర్చున్న పిల్ల చెప్పింది:
"మనుషులు కావాల్నంటే ఉగాదికి రాండి సార్,
ఇప్పుడైతే తాళాలే ఉంటాయి."

వారంటు వెనక రాశాను:
ముద్దాయి ఊళ్లో లేదు. ఇంటికి తాళం.
నాకన్నా ముందు ఇద్దరు రాసిన వాక్యమే.
ఒకాయన రిటైరైనాడు,
ఒకాయన ఎమ్మిగనూరుకు బదిలీ.
తాళం మాత్రం డ్యూటీలోనే ఉంది.

కట్ట విప్పి చూస్తే కేసు ఇంతే:
ఎండాకాలం, కొళాయి, వరస దాటిన బిందె.
తిక్కమ్మ కనుబొమ్మకు మూడు కుట్లు.
మొదటి వాయిదాకు వచ్చింది, రెండోదానికి వచ్చింది,
మూడోదాని నాడు లారీ వచ్చింది.
వరండాలో బంట్రోతు మూడు కేకలేశాడు
ఉరుకుందమ్మా
ఉరుకుందమ్మా
ఉరుకుందమ్మా
నాలుగు వందల కిలోమీటర్ల అవతల
మిరపసాలులో వంగినామె
తలెత్తి చూసి ఉంటుందా?

ఉగాది ముందురోజు రాత్రి లారీ ఆగింది.
మూటల మీద మూటలు, మూటల మీద మనుషులు.
ఘాటుకు తుమ్ముతూనే పేరు పిలిచాను.
పోలీసు పిలుపులా లేదది.
ఆమె దిగింది.
ఆమె చెయ్యి పట్టుకుని ఇంకొకామె దిగింది.
కనుబొమ్మ మీద పాత గీత.

"నువ్వెవరమ్మా?"
"తిక్కమ్మ సార్."
నా రెండో జేబులో ఆ పేరే ఉంది,
వాయిదాకు రాని సాక్షి కింద.

"మేం కలిసిపోయి ఐదేండ్లాయ సార్,
ఒకే సాలు కోస్తాం, ఒకే గుడిసెలో పండుకుంటాం.
ఆ కేసు ఇంకా ఉండాదా?"
ఎప్పుడో చచ్చిన ఎద్దు
మేత అడుగుతాందని విన్నట్టు చూశారు ఇద్దరూ.

పట్టుకోవచ్చు. పట్టుకోవాలి.
"పండగ చేసుకుని సోమవారం నీ అంతట నువ్వే రా,
మక్బూల్ వకీలు రీకాల్ పిటిషను వేస్తాడు" అన్నాను.
ఎందుకన్నానో డైరీలో రాయలేదు.

సోమవారం పదకొండైంది.
పదకొండున్నరైంది.
నా కడుపులో ఒక బిందె దొర్లింది.
రైలు ఆలస్యమంట, పరిగెత్తుకుంటూ వచ్చారు.

పిటిషను మీద వేలిముద్ర పడలేదు.
గుమాస్తా మళ్ళీ ఒత్తించాడు, మళ్ళీ మరకే.
మిరపకాయలు గీతల్ని తినేశాయి.
"ఏళ్లు ఇంకా గుంటూర్లోనే ఉండాయి సార్" అంది.

"ఎందుకు రాలేదు?" దొరవారు అడిగారు.
"తాళం ఏసి పోయినాం సామీ."
అది జవాబు కాదు.
అయినా ఆయన చాలాసేపు కాగితం వైపే చూశారు.
వారంటు రద్దు. జరిమానా వంద.
జామీను ఎవరు?

తిక్కమ్మ లేచింది.
వకీళ్ళు నవ్వారు. దెబ్బ తిన్నామె
కొట్టినామెకు పూచీ పడ్డమేంది,
కుదరదన్నారు.
కుదరకపోయినా ఆమె కూర్చోలేదు.

చివరికి బంధువొకడు దొరికాడు,
లోక్ అదాలత్‌లో రాజీకి తేదీ పడింది.
నా జేబులు రెండూ ఖాళీ.
చొక్కా ఉతికినా ఘాటు పోలేదు.

తేదీ విని మెట్లు దిగుతూ
ఉరుకుందమ్మ తిక్కమ్మ వైపు తిరిగింది,
గొంతు తగ్గించి అడిగింది:
"ఆ పొద్దు లారీ ఏమన్నా ఉండాదా?"