టోపీ తప్పనిసరి

త్రియెస్తె ఊళ్లో వారమంతా బోరా గాలి.
మలుపుల దగ్గర తాళ్లు పట్టుకుని నడిచాం.
ఎవరిదో గొడుగు, ఒక అట్టపెట్టె,
పోస్టాఫీసు ముందు నా విగ్గు,
ఒకదాని వెనక ఒకటి సముద్రానికి పోయాయి.

అప్పుడు నవ్వు రాలేదు.
నాలుగు వందల యూరోలు. పైగా
ఫుల్వియా ఏరి తెచ్చిన రంగు.
"నీ పాత రంగే అమ్మా" అంది.
కాదు.

ఈతకి మాత్రం మానలేదు.
డాక్టరు వెళ్లొచ్చన్న మొదటి మంగళవారం.
గేటు దగ్గర ఒండీనా,
ముప్ఫై ఏళ్లుగా అదే కుర్చీ, అదే ఈల.
నా నెత్తి చూసింది, గోడ మీది బోర్డు చూసింది.
"టోపీ తప్పనిసరి, నివెస్."

"నీళ్లలో వెంట్రుకలు పడకూడదనే కదా?
ఉంటే కదా పడ్డానికి!"
"రూలు తలకి. జుట్టుకి కాదు."

బోడిగుండుకీ మోకాలికీ ముడివేసే మనిషి!
కనుబొమల్లేని ముఖంతో కోపగించుకోవడం
నాకింకా చేతకాదు.

అయిదు నెలలుగా
బస్సులో నాకోసం లేచి నిలబడ్డారు,
రొట్టెల కొట్లో నన్ను చూసి గొంతు తగ్గించారు,
చేతిసంచీ లాక్కుని మరీ మోశారు.
ఈవిడొక్కతే అడ్డం నిలబడింది.

సొరుగులోంచి ఎవరో మరిచిపోయిన నీలం టోపీ తీసి
దులిపి ఇచ్చింది.
రెండు యూరోలు అద్దె. అదీ వదల్లేదు.

లోపల ఇరవై తలలు,
అన్నీ రబ్బరు, అన్నీ నున్నన.
వాటిలో నాది ఏదో
కాసేపు నాకే పట్టలేదు.

అవతలి గోడ తాకి తిరిగాను.
ఈల మోగింది.
"కుడి పక్కన, నివెస్! కుడి పక్కన ఈదు!"