కాల్పు రోజుల్లో తనిఖీ

ఫిబ్రవరి ఆఖరు. కొండపి దాటాక
రోడ్డుకు రెండు పక్కలా బ్యారన్లు పొగ వదులుతున్నాయి.
బండి ఆపి హెల్మెట్ తీస్తే
జుట్టులో కూడా పొగాకు వాసన.

మండల పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల, చింతలగుంటపాలెం.
ఏడు తరగతులు, మూడు గదులు, ఇద్దరు టీచర్లు.
ఇద్దరిలో ఒకాయన ఈ నెలంతా వేరే బడికి సర్దుబాటు.
మిగిలింది నసీమున్నీసా మేడమ్,
ఒక చేత్తో మూడో ఎక్కం, ఇంకో చేత్తో గుడ్ల లెక్క.

నేనొచ్చింది గ్రేడు వెయ్యడానికి.
ట్యాబులో నలభై రెండు ప్రశ్నలు.
మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం ఉందా?
గొళ్ళెం ఉంది.
తలుపు ఊడదీసి గోడకు ఆనించి ఉంది.
అవును, కాదు తప్ప మూడో గడి లేదు.

పేర్లు అరవై మూడు. కూర్చున్నది నలభై ఒకటి.
తక్కినవాళ్ళేరీ అంటే
మేడమ్ కిటికీ వైపు చూసింది.
కిటికీ నిండా పొగగొట్టాలు.

ఆరో తరగతి, తిరుపాలు.
ఐదు వరుసల పేరా ఇచ్చాను, నెమలి గురించి.
రెండో వరుసలో నిద్రపోయాడు.
నిజంగానే నిద్రపోయాడు, 'పురి' అన్న మాట మీద వేలు పెట్టి.
"రాత్రి కాల్పు సార్," పక్కవాడు చెప్పాడు,
"వాళ్ళ నాయనకి నడుం పట్టేసింది, పొయ్యి ఈడే చూస్తన్నాడు."
లేపి దశాంశాలు అడిగాను. రావన్నాడు.
ధర్మామీటరు చూడ్డం వచ్చా అన్నాను.
అప్పుడొచ్చింది వాడికి మెలకువ.
"తొంభై ఐదులో పసుపు తిరగాల సార్.
తొందరపడి మంట పెంచితే పచ్చ అట్నే ఉండిపోద్ది.
నూట ఇరవై దాటాక ఆకు ఆరుద్ది.
ఈనె ఎండాలంటే నూట అరవై.
ఆడ కునుకు తీస్తే బ్యారనే పోద్ది."

గణితం: కనీస స్థాయికి దిగువ.
నొక్కాను.

ఏడో తరగతి సలోమి మాత్రం చదివింది,
గడగడా, చుక్కల దగ్గర కూడా ఆగకుండా.
చదివాక కూర్చోలేదు.
"మాకేం గ్రేడు సార్?"
అది చెప్పకూడదమ్మా అన్నాను.
"మా అమ్మ గ్రేడింగుకి పోద్ది సార్.
ఆకుని అరచేతిలో పరుచుకుని, వెలుతురికి తిప్పుకుని,
మచ్చ చూసి, నలిపి చూసి, వాసన చూసి,
అప్పుడు చెబుద్ది బ్రైటో లో గ్రేడో.
అడుగాకునీ కొనాకునీ ఒకే కుప్పలో ఏసి చూడగూడదంట.
మీరు పదకొండింటికొచ్చారు గదా సార్."

అప్పుడు టైము పన్నెండుంబావు.

"కూర్చో సలోమీ," అంది మేడమ్.
అంది గానీ గట్టిగా అనలేదు.

"మీ పాప ఏ బళ్ళో సార్?"
ఒంగోల్లో, అన్నాను.
తను అడిగింది ఊరి పేరు కాదని
ఇద్దరికీ తెలుసు.
పొద్దున నేనే దాని బూట్ల లేసులు కట్టి
పసుపు బస్సు ఎక్కించి ఇటొచ్చాను.

గుడ్లు ఉడికాయి. నలభై ఒక్క మందికి నలభై ఎనిమిది.
మిగిలిన ఏడింటినీ నిబంధన ప్రకారం ఏం చెయ్యాలో నాకు తెలుసు.
రాని పిల్లల తమ్ముళ్ళ కోసం
మేడమ్ వాటిని పాత ప్రశ్నపత్రంలో చుడుతుంటే
బోర్డు మీద తేదీ సరిగ్గా ఉందో లేదో
చాలాసేపు చూశాను.

ట్యాబు తనే కూడుకుని తనే చెప్పింది: సి.
కింద పరిశీలకుని వ్యాఖ్య, రెండొందల అక్షరాలకు మించకుండా.
'ఆకు ఇంకా పసుపు తిరుగుతోంది' అని కొట్టాను.
చెరిపాను.
మళ్ళీ కొట్టాను.
సిగ్నల్ లేదు. గుండ్రం గుర్తు తిరుగుతూనే ఉంది.

నాలుగున్నరకి బండి తీశాను.
మలుపులో, ఆఖరి బ్యారన్ దగ్గర,
పుస్తకాల సంచీ ఇంకా వీపునే ఉంది,
గాజు పలకకు ముఖం ఆనించి తిరుపాలు.
బండి చప్పుడుకి ఇటు తిరిగి
"నూట ముప్ఫై ఎనిమిది సార్!" అని అరిచాడు,
నేనేమీ అడక్కుండానే.