గురివింద ఎత్తు

విజయనగరంలో, గంటస్తంభం వెనక సందులో
మూతపడిన ప్రెస్సు నుంచి
రెండు గోనెల అక్షరాలు తూకానికి కొన్నాడు శింగినాయుడు మావ.
రిజర్వు పోలీసు లైన్లో ముప్పయ్యేళ్ళు
తుపాకుల కడుపులు తుడిచిన చెయ్యి అది.
"ఉత్త సీసం మెత్తనమ్మా, ఎన్నపూస.
అచ్చుల సీసం పెళుసు.
రెండూ కలిస్తేనే గొట్టంలో మాటింటాది."

ఇనప మూకుట్లో ముందు గుణింతాలు కరిగేయి.
శుభలేఖల చి.ల.సౌ.లు కరిగేయి,
సినిమా కరపత్రాల లావుపాటి ఆశ్చర్యార్థకాలు,
ఎవరూ వాడక కొత్తగానే మిగిలిపోయిన బండి ఱ.
కీ.శే. ఒక్కటీ కాసేపు తేలింది.
మైనం ముక్క వేసి కలియబెట్టేడు మావ.
చదవడానికి ఇంకేం లేదు, మెరుపు తప్ప.

అచ్చు చల్లగా ఉంటే తూటా ముడతలు పడుతుంది
మరీ కాగితే పొగమంచు పట్టినట్టు మసకేస్తుంది.
తొలి పాతికా లెక్కలోకి రావు.
మొదటి అట్టు పెనానిది అంటాడు,
చూడనైనా చూడడు వాటిని.

నా పని ఆ తరవాత.
మా నాన్న కంసాలి. కొట్టు ఎత్తేశాడు గానీ త్రాసు అమ్మలేదు.
ఒక పళ్ళెంలో గురివిందలు, ఒక పళ్ళెంలో తూటా.
నూట పది గింజల ఎత్తు.
అర గింజ తగ్గిందా,
లోపలెక్కడో గాలిబుడగ దాక్కుందన్నమాట.
పైకి పెద్దమనిషి లాగే ఉంటుంది,
గాలిలో గిర్రున తిరిగేటప్పుడు
బయటపడుతుంది బోలుతనం.

తుపాకీ కొలత మాత్రం తుపాకీనే అడగాలి.
మెత్తటి సీసం ముద్దని ఈ మూతి నుంచి ఆ మూతికి తోశాం.
గాడుల గుర్తులన్నీ ఒంటికి పట్టించుకుని వచ్చింది
వేలిముద్ర వేసిన సాక్షిలాగ.
దానికన్నా వెంట్రుకవాసి లావుండాలి తూటా.
సన్నమైతే పొగ పక్కనుంచి జారిపోతుంది.

ముక్కు మీద గీత ఉన్నదొకటి నేను పక్కన పెడితే
మావ మళ్ళీ ఇవతల పెట్టేడు.
"ముక్కుకేటి, ఒగ్గీ. అడుగు సూడు, అడుగు అంచు.
గొట్టం ఒదిలీ ఆకరి సెణంలో
మందు తన్నీది అక్కడే.
రవ్వంత నొక్కుంటే వంద గజాలకి బెత్తెడు ఎడం."

భూతద్దం కింద ఒక్కొక్కదాన్నీ తిరగేసి చూశాను.
పెళ్ళిచూపుల్లో కూడా నన్నెవరూ
ఇంతసేపు చూడలేదు.

రెండొందల్లో నిలిచినవి నలభై మూడు.
మిగతావి తిరిగి మూకుట్లోకే.
"సీసానికి సిగ్గుండదమ్మా.
ఎన్నిమార్లు కాసినా మల్లీ మొదలే."

ఆదివారం, రామతీర్థం దారిలో కొండవాలు.
జీడితోటల మీంచి గాలి, నా ఎడం చెంపకి.
ఒక్క తూటా తుపాకీ ఇది, లోపల రెండోది ఉండదు.
పెట్టడం, మూయడం, సగం ఊపిరి ఒదలడం.
ఆరూ రూపాయి బిళ్ళంత చోట పడ్డాయి.
ఏడోది ఎక్కడికో పోయింది.
తరవాతి మూడూ మళ్ళీ బిళ్ళలోకే.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో దారంతా దాన్నే తిట్టేను.
బుడగ అన్నాను, అచ్చు చల్లబడింది అన్నాను,
కీ.శే. కలిసిన తూటా అయ్యుంటుంది అని కూడా అన్నాను.
మావ ఏమీ అనలేదు.
జేబులోంచి గురివింద గింజొకటి తీసి
ఎర్రవైపు పైకి పెట్టి
నా అరచేతిలో ఒదిలేడు.
కోట జంక్షన్ దాటేదాకా
నేను దాన్ని తిప్పలేదు.

వానలకి ముందు మట్టికట్ట తవ్వి
జల్లెడ పట్టి సీసం ఏరుకుంటాం ఏటా.
ఈసారి ఆ ఏడోది దొరికితే,
పువ్వులా విచ్చిపోయి, ఏ ఆకారమూ మిగలకపోయినా సరే,
దాని అడుగు ఒకసారి చూడాలని ఉంది.