నలభై ఏడో గుంట

పోటు దిగింది. మూడు గంటలే వ్యవధి.
అలాస్కాలో జూన్ నెల,
అయినా నీళ్ళు వేళ్ళని కొరుకుతున్నాయి.
నా పని గుంటలు తవ్వడం.
అర మీటరు లోతు, గుంటకింతని కూలి.
వాసన చూసేదీ రాసుకునేదీ మార్గిట్.

మొదటి దాంట్లో నీళ్ళు. రెండో దాంట్లోనూ నీళ్ళే.
పదకొండులో ఒక పీత
మమ్మల్ని చూసి పక్కకి జరిగింది.
పైన రాళ్ళు ఎంత శుభ్రంగా ఉన్నాయంటే
కడిగిన ముత్యాలంటారే, అలా.

కడిగింది నేనే.

అప్పుడు నాకు పంతొమ్మిది.
పసుపుపచ్చ రబ్బరు కోటు, చేతుల్లో గొట్టం,
ఊళ్ళో ఎవరూ కళ్ళచూడనంత జీతం.
సలసల కాగే నీళ్ళు రాళ్ళమీద కొట్టాం, వేసవంతా.
నలుపు కారిపోతుంటే గెలిచామనుకున్నాం.
కారి ఎటు పోయిందో ఎవరడిగారు?
కొంత సముద్రంలోకి.
మిగతాది రాళ్ళ సందుల్లోంచి ఇసకలోకి,
ఇసక కింద ఇసకలోకి,
గాలి సోకని చోటికి,
అల ఎంత చెయ్యి చాపినా అందని చోటికి.
గుల్లలు ఉడికి నోళ్ళు తెరిచాయి.
ఒకటి తీసి తింటున్నట్టు నటించాడు ఇన్నొకెంతి.
మేం నవ్వాం కూడా.

ఈ పార మా అమ్మ మత్రోనాది.
పిడి ఆమె చేతికి అరిగిన చోట నా చెయ్యి ఇమడదు.
ఆమె ఇక్కడే తవ్వేది,
ఇసక నీళ్ళు చిమ్మిన చోటు చూసి, ఒక్క పోటు.
రెండోసారి పార వెయ్యడం నామోషీ ఆమెకి.

నలభై ఏడో గుంట.
పార పైకి తీయగానే అడుగున సన్నగా ఊట,
దానిమీద మగబాతు మెడ రంగు.
ఆ తర్వాత వాసన.
ముప్ఫై ఏళ్ళ కిందటి వసంతం
ఇంకా తడారలేదు.

"తక్కువా? ఓ మాదిరా? ఎక్కువా?"
మార్గిట్ కాగితంలో మూడే గళ్ళు.
చెప్పాను. టిక్కు పెట్టింది.
పూడ్చెయ్యమంది.

పూడ్చి, పైన రాళ్ళు సర్దుతూ
నున్నటి వైపు పైకి తిప్పుతున్నానని
కాసేపటికి గానీ గమనించలేదు.

పార సముద్రంలో కడగబోయి
ప్యాంటుకే తుడుచుకున్నాను.

అమ్మకిప్పుడు చూపు ఆనదు.
గుమ్మం పక్కన పార ఆనించానో లేదో
"ఆ ఒడ్డుకే వెళ్ళావా"
అంది.