ఒక్కో అరకు ఎంత

ఇనుప దుకాణం ఖలీలు మొదలు అడిగింది ఒక్కటే:
"అక్కా, ఒక్కో అరకు ఎంత బరువు పెడ్తరు?"

ధర అడుగుదామని పోయిన నేను
నోరు తెరిచి నిలబడ్డ.
పదిహేనేండ్ల నుంచి రాగితీగ చుడుతున్న,
ఏ మోటరుకు ఎన్ని చుట్లో నిద్రల లేపినా చెప్త.
గ్యారేజీల ఉన్నదంతా కలిపి ఎంత తూగుతదో
ఎన్నడు అనుకోలే.

మా ఆయన జానయ్యకు నేలే అర.
పానాలు నేల మీద, బేరింగులు నేల మీద,
వార్నిషు డబ్బా మీద చాయ్ గిలాస,
గిలాసల నట్లు.
"ఏది యాడున్నదో నాకెరుకే" అంటడు
మోకాళ్ల మీద దేవులాడుకుంట.

మొన్నటి వానకు దేవరకొండ రోడ్డు నీళ్లన్నీ
షెట్టరు కింది నుంచి లోపటికొచ్చినయి.
కొత్తగ చుట్టిన రెండు స్టేటర్లు తడిసినయి.
ఆ రాత్రే అన్న: రాకులు కొనాలె.

మేస్త్రి ఎంకులు షాబాదు బండే మేలన్నడు.
"గోడల జొనిపి సిమెంటు పెడ్తె
నువ్వెక్కి కూసున్నా కదలది."
నిజమే. మా వంటింట్ల బండ అర
నేను కాపురానికొచ్చిన నాటి నుంచి
ఉప్పుడబ్బా మోస్తనే ఉన్నది.
కాని బండది ఒక్కటే మాట.
జానెడు ఎత్తు చాల్తలేదంటే వినదు.
మూడు హార్సు మోటరుది ఒక తీరు,
ఏడున్నరది ఇంకో తీరు,
బోర్ల దిగేదైతే మనిషి లెక్క పొడుగు,
పండుకోబెట్టాలె.

వీరాచారి యాపచెక్క అన్నడు, చెదలు ముట్టదన్నడు.
ఆయిలు తాగిన చెక్కను, వెల్డింగు నిప్పురవ్వను
ఒక్క అర్రల ఊహించుకున్న.
వీరాచారికి చాయ్ పోసి పంపిన.

మిగిలింది ఇనుప రాకు.
నిలువు పట్టీకి రెండు వేళ్లకొక తూటు,
యాడ బిగిస్తె ఆడ అర.
ఖలీలు మాత్రం మళ్ల అదే:
"పద్దెనిమిది గేజా, ఇరవై రెండా?
బరువు చెప్పాలె గదక్కా."
అంకె పెరిగితే రేకు పలచనైతదట.
మా రాగితీగ లెక్కనే. అది ఇని
జెర ధైర్యమొచ్చింది.

పత్తి సేటు కాంటా ఒక పూటకు అడుక్కొచ్చి
ఒక్కొక్కటే ఎక్కించినం.
బేరింగుల డబ్బాలు పదకొండు కిలోలు.
రాగి చుట్టలు ఇరవై ఆరు.
ఇగ ఆ మూలవి, గోనెసంచుల కిందివి,
పద్నాలుగు మోటర్లు.
చుట్టినం, వార్నిషు పోసినం, ఎండబెట్టినం.
తిరుగుతయి.
తీస్కపోనీకె ఎవ్వరు రాలే.

ఒంటి మీద సుద్దముక్కతోని నా రాతే:
చందంపేట హర్యా, అయిదు హార్సు, బాకీ రెండువేల ఎనిమిదొందలు.
డిండి బిచ్చమ్మ, మూడు హార్సు, సగమిచ్చింది.
ఒకదాని మీద పేరు చెరిగి
బాకీ మిగిలింది.

బోరెండినోళ్లకు మోటరెందుకు.
కొందరు ఫోనెత్తరు. ఎత్తినోళ్లు
"వానలు పడనీ చెల్లె" అంటరు.
వానలు పడ్డయి, మా షెట్టరు కింద కూడ పారినయి,
వాళ్ల బోర్లల్లకు ఇంక దిగలేదేమో.

జానయ్య కాంటా దిక్కు చూడకుంట అన్నడు:
"తుక్కుకు అమ్మితే రాకుల పైసలు ఎల్తయి."
లెక్క తప్పు కాదు.
రాగి ధర ఆయనకంటె నాకే ఎక్కువెరుక.
కాని ఆ చుట్లు లెక్కపెట్టింది నేను,
ఒక్కటి తప్పితే
మొత్తం ఇప్పి మళ్ల మొదలుపెట్టింది నేను.
ఏం మాట్లాడలే.
బిచ్చమ్మ మోటరు కాంటా ఎక్కించిన.

పద్నాలుగు కలిపి నాలుగొందల ఇరవై.
కాగితం మీద రాసుకొని పోయిన.
"పైవాటికి పద్దెనిమిది ఇయ్యి ఖలీలు,
కింది రెండు అరలకు పదహారు."
"అంత బరువు ఏం పెడ్తరక్కా?"
"మందియి."

ఆదివారం బిగించినం.
నేలకు జానెడు ఎత్తున మొదటి అర,
నీళ్లొస్తె కిందికెల్లి పోనీ అని.
పేర్లు బయటికి కనపడేటట్టు పండుకోబెట్టిన,
సుద్ద చెదిరినకాడ మళ్ల దిద్దిన.
పేరు పోయినదాన్ని షెట్టరుకు దగ్గరగ,
తొవ్వల పోయేటోళ్లెవరన్నా చూసి
గుర్తుపడ్తరేమో అని.

జానయ్య పానాలన్ని తుడిచి
సైజు వారీగ పై అరల పేర్చిండు.
తెల్లారి చూస్తె
మళ్ల మోకాళ్ల మీదున్నడు,
నేలంతా తడుముకుంట.
జెర సేపు
నేను కూడ చెప్పలే.