దొంగదారి

గారబంధ గేటు దగ్గర పద్దెనిమిదేళ్ళు
వెదురు గెడ ఎత్తాను, దించాను.
ఒక కొసకి సిమెంటు దిమ్మ,
రెండో కొసకి నేను.
ఇవతల ఒడియా బోర్డు, అవతల తెలుగు బోర్డు,
మధ్యన తిరిగే కుక్కలకి రెండూ ఒకటే.
జీడిపిక్కల లారీ ఏదో, ఉత్త పొట్టు లారీ ఏదో
టైర్ల నొక్కుడు చూసి చెప్పేవాణ్ణి.

అలాంటివాణ్ణి
నా పొట్టలో ఏం దాటుతోందో
మూడేళ్ళు కనిపెట్టలేకపోయాను.

మొదట పేగు.
రోజుకి ఎనిమిదిసార్లు, ఒక్కోరోజు పది.
గెడ పైకెత్తి, తాడు రాయికి చుట్టేసి
జీడితోటలోకి పరుగు.
ఆ సందులో ఎన్ని లారీలు పోయాయో
ఆ డ్రైవర్లకే ఎరుక.
పాతపట్నం డాక్టరు టీబీ అన్నాడు.
తొమ్మిది నెలలు మాత్రలు మింగాను.
ఉచ్చ నారింజ రంగులో వచ్చేది, మందు రంగులే అన్నాడు.
భూలక్ష్మి చోడి అంబలి పలచగా కాచి
వేలు ముంచి చూసి ఇచ్చేది.
పంట్లాం జారిపోతుంటే
గేటు తాడులోంచి ఓ ముక్క కోసి నడుముకి కట్టుకున్నాను.

తర్వాత మంట.
పోస్తున్నంతసేపూ బ్లేడు ముక్క దిగుతున్నట్టు.
ఇది వేరే జబ్బనుకున్నాను,
వేరే ఆసుపత్రికి పోయాను, పర్లాకిమిడి.
ఐదు రోజుల మాత్ర, తగ్గేది.
ఇరవయ్యో రోజుకి చలిజ్వరంతో తిరిగొచ్చేది.

పేగు కాగితాలు పాతపట్నం బట్టలకొట్టు సంచిలో,
మూత్రం కాగితాలు పర్లాకిమిడి మిఠాయికొట్టు సంచిలో.
రెండూ ఒకే మేకుకి వేలాడేవి.
ఒకదాని సంగతి ఒకదానికి తెలీదు.

ఇంకోటుంది.
అది ఏ డాక్టరుకీ చెప్పలేదు.
ధార అయిపోయే ముందు బుడబుడమని గాలి,
సీసా ఆఖరి గుక్క ఒంపినట్టు.
నురగ. ఆ వాసన ఆ నీళ్ళది కాదు.
ఏమని చెప్పను, ఎవరికి?
ఇరవైయారేళ్ళు కాపరం చేసినదానితోనే అనలేకపోయాను.

బరంపురం పెద్దాసుపత్రికి
భూలక్ష్మి తొందరలో రెండు సంచులూ పట్టుకొచ్చేసింది.
డాక్టరమ్మ ఇతిశ్రీ పాణిగ్రాహి, మా పెద్దదాని ఈడు,
రెంటినీ ఒకే బల్లమీద కుమ్మరించింది.
చాలాసేపు చదివింది. చాయ్ చల్లారిపోయింది.
"మూడు పరీక్షల్లోనూ ఒకటే క్రిమి" అంది వచ్చీరాని తెలుగులో,
"దీని ఊరు పేగు. ఇక్కడికి ఏ రోడ్డు మీద వచ్చింది?"
ఆపైన కలం మూసి,
"ఉచ్చలో గాలి వస్తుందా?"

నేను ఫ్యాను వైపు చూశాను.

"వస్తాది" అంది భూలక్ష్మి.
"గోడవతల్నించి రోజూ ఇంతన్నాను."

రసీదు వెనక డాక్టరమ్మ బొమ్మ గీసింది.
ఒక గొట్టం, పక్కన ఒక సంచి.
వాచిన పేగు పక్కదాన్ని అంటుకుందట,
పుండు తొలుచుకుంటూ తొలుచుకుంటూ
అవతలికి తేలిందట.
రెండింటి మధ్యా సన్నగా ఓ గీత లాగింది.

నాకు ఇంకేం చెప్పక్కర్లేదు.
గేటున్నచోట ఎవడు దాటుతాడు?
తోటల వెనక మొదట ఓ మేక దారి చేస్తుంది,
మేక వెనక కుర్రాడు,
కుర్రాడి వెనక బస్తా కట్టిన సైకిలు.
రోడ్డు మీద నేను గెడ పట్టుకుని
దణ్ణాలందుకుంటుంటాను.

మూరెడు పేగు తీసేశారు, సంచికి కుట్టేశారు.
రెండు వారాలు గొట్టం.
జబ్బు మాత్రం పోలేదంది డాక్టరమ్మ,
మళ్ళీ దారి తియ్యకుండా సూదిమందు రాసింది.
ఈలోగా కొత్త పన్నులొచ్చి
గారబంధలో గేటే ఎత్తేశారు.
దిమ్మ ఒక్కటీ ఉంది, దానిమీద పిల్లలు కూచుంటారు.

గొట్టం తీసి ఇంటికొచ్చిన మొదటి పొద్దు
దొడ్లో నిలబడ్డాను.
చివరిదాకా చెవి పెట్టి విన్నాను.

గోడవతల అంట్ల చప్పుడు ఆగింది.
"ఏటి?" అంది.
"ఏటీ నేదు" అన్నాను.
"నీళ్ళే."