రోలర్ మీద గుర్రాలు

ములుగు రోడ్డు షెడ్డుల
బండిని రోలరెక్కించి పట్టీలు బిగించిండు యాకూబ్ భాయ్.
పొద్దుగాల ఇరవై రెండు గుర్రాలు.
పగటీలికి పందొమ్మిదిన్నర.
తక్కినయి యాడ మేస్తున్నయి?

టైరు ఒత్తి చూసిండు,
పట్టీ ఇంకింత గుంజిండు,
రేకుల కింది ఎండను తిట్టిండు.
కరీంనగర్ల ఇరవై నాలుగు చూపెట్టింది గద అంటే
"ఆ రోలర్‌కు మొగమాటం ఎక్కువ, బేటా."
చిట్టీ మీద 19.5 అని రాసిచ్చిండు.

మెట్టుగుట్ట ఎక్కుడుల
వెనుక చెల్లె, ఆమె ఒళ్లె బియ్యం సంచి.
మూడో గేరుల దమ్ము తీసింది బండి.
రెండుకు దించిన.
ఇగ చెల్లెను దించిన.

మీదికి పోయి ఆగి చిట్టీ తీస్తే
చెమటకు చుక్క చెరిగిపోయింది:
195.
సంచి నెత్తిన వెట్టుకొని అచ్చిన చెల్లె
తొంగి చూసి అడిగింది,
"గన్ని గుర్రాలుంటే నేనెందుకు నడిచిన?"